కాడుగోడిలో హరినామం

బెంగళూరు ఎలా ఉందని అడిగినవాళ్లందరికీ చల్లగా ఉందనే చెబుతున్నాను. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ చల్లదనంలో ఎక్కువ భాగం ఊరిది కాదు, నా ప్యాంటుది. స్టాఫ్ రూములో ఈ సంగతి దాచి, అక్కడి చెట్ల గురించీ వాన గురించీ చెప్పి తప్పించుకున్నాను. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నప్పుడు మాత్రం దాచడం న్యాయం కాదనిపిస్తోంది. రేపు మీరూ కాడుగోడి స్టేషన్లో దిగొచ్చు. మీతోనూ ఎవరో ఒకరు "హిందె" అనొచ్చు.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మా అమ్మాయి మృదుల బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఏటా ఒక శనివారం ఆ కంపెనీవాళ్లు ఉద్యోగుల ఇళ్లవాళ్లను ఆఫీసుకు పిలిచి భోజనం పెడతారు, బాగా పనిచేసినవాళ్లకు బహుమతులిస్తారు. ఈసారి మృదులకు వచ్చింది. అమ్మానాన్నలతో కలిసి వేదికెక్కి తీసుకోవాలి. మా ఆవిడ సుశీల వారం ముందే వెళ్లిపోయింది. నేను తెనాలిలో తెలుగు మాస్టర్ని. సెలవు దొరక్క శుక్రవారం సాయంత్రం బయల్దేరాను.

బయల్దేరే ముందు ఫోన్లో మృదుల ఒకే ఒక్క మాట అడిగింది.

"నాన్నా, ఈసారి ఎవరికీ ఏమీ నేర్పొద్దు. ప్లీజ్."

ఆ మాట వెనక కథ ఉంది. తను కొత్తగా చేరినప్పుడు ఒకసారి ఆఫీసు చూడ్డానికి వెళ్లాను. వాళ్ల మేనేజరు లోహిత్ అనే కన్నడ కుర్రాడు ఎంతో మర్యాదగా వచ్చి, "మ్రుదుల ఈజ్ వెరీ గుడ్" అన్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అది "మ్రు" కాదనీ, అక్కడున్నది ఋకారమనీ చెప్పి, నాలుక ఎక్కడ పెట్టాలో చూపించి, నాకు తృప్తి కలిగేదాకా ఆయనచేత అనిపించాను. చుట్టూ టీమంతా నిలబడి చూసింది. ఆ రోజు నుంచి ఆఫీసులో మా అమ్మాయిని "ఋ" అని పిలవడం మొదలుపెట్టారు. మీటింగుల్లో కూడా. "ఋ, ఆర్ యూ దేర్?" అని.

కాబట్టి మాటిచ్చాను. "ఎవరికీ ఏమీ నేర్పనమ్మా. వచ్చి, నిలబడి, చప్పట్లు కొట్టి వస్తాను."

"టైముకి రా. జనం నవ్వేలా ఏమీ చెయ్యకు. చాలు."

బంగారుపేట దాకా

మాటిచ్చింది ఆఫీసు వరకే కదా, రైల్లో వర్తించదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎదుటి బెర్తులో నారాయణప్ప అని కోలారు వైపు టమోటా వ్యాపారి. గుంటూరు మార్కెట్లో పని చూసుకుని బంగారుపేటకు తిరిగి వెళుతున్నాడు. తెలుగూ కన్నడమూ రెండూ ఆయనకు నోట్లో నానుతూనే ఉంటాయి. అలాంటి మనిషికి నేను కన్నడం నేర్పడం మొదలుపెట్టాను.

"చాలా సులువండీ. మన పకారం వాళ్లకు హకారం. పాలు, హాలు. పులి, హులి. పువ్వు, హూవు. అంతే. ఈ ఒక్క సూత్రం తెలిస్తే బెంగళూరులో బతికెయ్యొచ్చు."

ఆయన టమోటా బుట్టను తూకం వేసినట్టు నన్ను చూశాడు. "పాము?"

"హావు."

"పండు?"

"హణ్ణు."

"పంది?"

"హంది!"

"బో బాగుండాది సార్. పిల్లి?"

నేను కొంచెం ఆలోచించి, "హిల్లి" అన్నాను.

"బెక్కు" అన్నాడాయన. "పెండ్లి?"

"హెండ్లి... కాదా?"

"మదువె. పప్పు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. తెలియదు అనే మాట నా నోటికి రాదు. ఇరవైతొమ్మిదేళ్లుగా తరగతి గదిలో ఎవరూ ఆ మాట నా చేత అనిపించలేకపోయారు. "అవన్నీ మినహాయింపులు" అన్నాను.

ఆయన నవ్వలేదు. పొట్లంలోంచి వేయించిన శనగలు నా చేతిలో పోసి, "రూలు బాగుండాది సార్. తెలీకుంటే అడగండి. ఎవురూ ఏమనుకోరు" అన్నాడు. శనగలు తిన్నాను. సలహా మాత్రం వదిలేశాను.

రైలు ఆలస్యమైంది. ఇంటికి వెళ్లే టైము లేదు, స్టేషన్నుంచి నేరుగా ఆఫీసుకే రమ్మని సుశీల పొద్దున్నే ఫోను చేసింది. "కొత్త ప్యాంటు వేసుకున్నారా?" అని కూడా అడిగింది.

వేసుకోలేదు. ఈ కార్యక్రమం కోసం సుశీల నాకొక ప్యాంటు కుట్టించింది. దాని నడుము కొలత చూసి నాకు మండింది. అది నా నడుమంటే నేను ఒప్పుకోలేదు. సంచీ సర్దేటప్పుడు దాన్ని తీసి బీరువాలో పడేసి, దాని చోట ఆవకాయ జాడీ పెట్టుకున్నాను. తెచ్చుకున్నది మా బావమరిది పెళ్లినాటి బూడిదరంగు ప్యాంటు. బొత్తం పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి.

"వేసుకున్నాను" అన్నాను ఫోన్లో.

లుంగీ విప్పి, రైలు బాత్రూములో గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి ఆ ప్యాంటెక్కించి, చొక్కా లోపలికి దోపుకుని వచ్చాను. లుంగీని జాడీ చుట్టూ చుట్టి సంచీలో కుక్కాను. బంగారుపేటలో దిగబోతూ నారాయణప్ప నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"సార్, ప్యాంటు సల్ప బిగుతుండాది."

"దాని ఫిట్టింగే అంతండీ" అన్నాను.

కాడుగోడి

వైట్‌ఫీల్డ్ అనే పేరు పెద్దది గానీ ఆ స్టేషనుండేది కాడుగోడిలో. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు నగరం దాన్ని మింగేసింది. పూర్తిగా అరిగించుకోలేదు. మెట్రో స్తంభాల కింద కొత్తిమీర కట్టలు, అద్దాల మేడ పక్కనే గొర్రెలు.

నేనెక్కిన పెట్టె ప్లాట్‌ఫారం ఎత్తు తగ్గే చోట ఆగింది. సంచీ భుజానేసుకుని, ఒక కాలు మెట్టు మీదుంచి, రెండోది చాలా కిందికి చాచాను. "పర్ర్" మని చప్పుడైంది. పక్కనే ఎవరో చిప్స్ పొట్లం విప్పారనుకున్నాను. పొద్దున్నే ఈ చిరుతిళ్లేమిటని మనసులో విసుక్కున్నాను కూడా.

స్టేషను దాటగానే చల్లటి గాలి. ఆహా అనుకున్నాను. బెంగళూరు గాలి గురించి జనం చెబుతుంటే అతిశయోక్తి అనుకునేవాణ్ణి. వాళ్లు తక్కువే చెప్పారు. తెనాలిలో గాలి ముఖానికి తగులుతుంది, అదీ వేడిగా. ఇక్కడిది మనిషిని అన్ని వైపుల నుంచీ ఆదరిస్తుంది. ఈ వయసులో నాకెన్నడూ తెలియని చోట్ల కూడా హాయిగా ఉంది. సుశీలకు ఫోన్ చేసి, "ఏం వాతావరణమే! రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోదాం" అన్నాను. ఆవిడ అనుమానంగా, "ఏమైంది మీకు?" అంది.

ఇంకా కొంచెం టైముందని నిలబడి తినే హోటల్లోకి దూరాను. అక్కడ కుర్చీలుండవు. ఛాతీ ఎత్తు గట్టు మీద పళ్లెం పెట్టుకుని అందరూ వరసగా నిలబడి తింటారు. తట్టె ఇడ్లీ అని పళ్లెమంత ఇడ్లీ ఇస్తారు, పైన వెన్నముద్ద. మా ఊళ్లో నాలుగిడ్లీల ధరకు ఇక్కడ ఒకటే. కానీ ఆ ఒకటీ నాలుగింటి పెట్టు. సాంబారు కాస్త తియ్యగా ఉంటుంది, అలవాటు పడాలి. కాఫీ మాత్రం తిరుగులేదు. ఒక కాఫీని ఇద్దరు చెరిసగం పంచుకోవడానికి "బైటూ" అనే పద్ధతి ఉంది. ముక్కూమొహం తెలియని ఇద్దరు కూడా "బైటూనా?" అనుకుని పంచుకోవడం చూశాను. మా వైపు అలా అడిగితే, ఈయనకేం వచ్చిందని వెనక చెప్పుకుంటారు.

గట్టు దగ్గర నేను తింటుండగా వెనక నుంచి ఒక కుర్రాడు మెల్లగా, "సార్, హిందె..." అన్నాడు.

హిందీలో మాట్లాడమంటున్నాడనుకున్నాను. ఉత్తరాదివాడు కాబోలని జాలిపడి, వచ్చినంతలో, "హా భాయ్, ఇడ్లీ బహుత్ అచ్ఛా హై" అన్నాను. అతను నన్నూ ఇడ్లీనీ చూసి, దండంలాంటిదేదో పెట్టి వెళ్లిపోయాడు.

సంత వీధి

సుశీలకు పూలు కొందామని సంత వీధిలోకి తిరిగాను. అక్కడ పూలను మొళలెక్కన అమ్ముతారు. మన మూరే. ఎవరి మోచేయి పొడుగ్గా ఉందో చూసి వాళ్ల దగ్గరే కొనాలని నిర్ణయించుకుని, వరసగా కూచున్న పూలమ్మేవాళ్ల చేతులు పరీక్షగా చూస్తూ నడిచాను. వాళ్లూ నన్ను పరీక్షగానే చూస్తున్నారు. చిత్రమేమిటంటే నేను దాటి వెళ్లాక ఇంకా పరీక్షగా చూస్తున్నారు.

వాళ్లకెదురుగా ఒక ముసలాయన వంకాయలూ బీరకాయలూ పరుచుకుని కూచున్నాడు. నన్ను చూసి చెయ్యూపాడు.

"స్వామీ, హిందె నోడి. హరిదిదె."

నోడి అంటే చూడండని నాకు తెలుసు. ఇక హిందె. సూత్రం సిద్ధంగానే ఉంది కదా. హకారం తీసి పకారం పెట్టాను. పిందె! పిందెలు చూడమంటున్నాడు. లేత వంకాయలన్నమాట. చివర్లో హరి పేరు కూడా తలిచాడు. ఎంత భక్తి, ఎంత సంస్కారం! ఆయన సరుకు చూడకుండా వెళితే బాగుండదని, ఆ రాశి ముందు బాగా వంగి, ఒక్కొక్క వంకాయే తీసి చూడసాగాను.

వెనక పూలవాళ్ల వరసంతా ఒక్కసారి గొల్లుమంది.

"అయ్యో, హరిదిదె! హరిదిదె!"

వీధంతా హరినామమే. ఒళ్లు పులకరించింది. ఇంత పొద్దున్నే, ఇంతమంది ఆడవాళ్లు, బేరాలు మానుకుని! నేను లేచి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, "హరి హరి" అన్నాను. వాళ్లు ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. తిరిగి ముసలాయన వైపు చూశాను. ఆయన నుదుటి మీద చెయ్యేసుకుని నన్ను చూడకుండా బీరకాయల్ని చూస్తున్నాడు. ఆయనకూ "హరి హరి" అన్నాను.

అప్పుడు పక్కనే అరుగు మీద కాఫీ తాగుతున్న ఒక మనిషి గ్లాసు కింద పెట్టి లేచాడు. బక్కపల్చగా, నా వయసే ఉంటుంది. గబగబా వచ్చి నా వెనక నిలబడ్డాడు. పక్కన కాదు, సరిగ్గా వెనక.

"ఏమప్పా, తెలుగోళ్లా?"

"అవునండీ."

"మీరు హరి హరి అనొద్దప్పా. మీరు అనేకొద్దీ వాళ్లు నగుతాండారు. హరిదిదె అంటే హరి గాదు. చినిగిపోయిండాది."

"ఏది?"

"హిందె. ఎనకాల. కొంచెంగా చినగలేదు స్వామీ. సంత సంతా చూసేసిండాది."

చెయ్యి వెనక్కి పోనిచ్చాను. నడుము పట్టీ దగ్గర మొదలై, కిందెక్కడో నా చేతికందని చోట ముగుస్తోంది. బెంగళూరు చల్లగాలి ఎక్కణ్ణుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది. వెంటనే వెన్న తట్టె ఇడ్లీ గుర్తొచ్చింది. అక్కడ నా వెనక కనీసం పదిమంది క్యూలో ఉన్నారు. ఆ హిందీ కుర్రాడు గుర్తొచ్చాడు. చొక్కా పైకి లాగి బయటికి వదిలాను. అదీ ఆ కాలంనాటిదే, నడుము దాటి రాలేదు. సంచీలో లుంగీ ఉంది కదా అని తీశాను. ఆవకాయ జాడీ కారి, లుంగీ ఎర్రగా, నూనె ఓడుతూ, ఇంగువ వాసనతో బయటికొచ్చింది.

"అది కట్టుకుంటే మండుతుందప్పా" అన్నాడాయన చాలా గంభీరంగా.

నాకు మృదుల మొహం కనిపించింది. టైముకి రా, జనం నవ్వేలా ఏమీ చెయ్యకు. రెండూ చేతులారా పాడు చేసుకున్నాను. బీరువాలో ఉన్న కొత్త ప్యాంటు తలుచుకుంటే ఏడుపొచ్చినంత పనైంది. "మా అమ్మాయి ఆఫీసులో స్టేజీ ఎక్కాలండీ, ఇప్పుడే" అన్నాను. కొత్త ప్యాంటు సంగతీ, సుశీలకు చెప్పిన అబద్ధం సంగతీ కూడా, అడక్కుండానే చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. అలా వెనక నిలబడ్డ మనిషికి ఏదైనా చెప్పాలనిపిస్తుంది.

"మన షెడ్డు ఆ సందులోనే ఉండాది. రాండి" అన్నాడు.

ఊరేగింపు

ఆయన పేరు మునిరాజు. పెళ్లి బ్యాండు నడుపుతాడు, తనే క్లారినెట్ వాయిస్తాడు. తాతల కాలంలోనే కాడుగోడిలో స్థిరపడ్డ తెలుగువాళ్లట. ఆ రోజూ ఎక్కడో పెళ్లికి వెళ్లడానికి వ్యాను కోసం చూస్తూ అరుగు మీద కూచున్నారు.

షెడ్డుకు పోవాలంటే సంత మొత్తం దాటాలి. మునిరాజు ఒక్కడూ నాకు తెరగా చాలడు. ఆయన చాలా సన్నం, నేను కాదు. "వెంకటేశూ, డ్రమ్ము తేప్పా!" అని కేకేశాడు. అరుగు మీద నుంచి ఒక లావుపాటి మనిషి, పొట్ట మీద వేలాడే పెద్ద డ్రమ్ముతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. డ్రమ్ము నా వెనక భాగానికి సరిగ్గా సరిపోయింది. కొలతపెట్టి చేయించినట్టుంది.

అలా బయల్దేరాం. ముందు నేను, నా వెనక డ్రమ్ము, డ్రమ్ము వెనక వెంకటేశు, పక్కన మునిరాజు. నాలుగడుగులు వేశామో లేదో, "ఢం" అంది.

"వాయించొద్దప్పా!" అన్నాడు మునిరాజు.

"నడిస్తే చెయ్యి ఊరికే ఉండదన్నా. అలవాటు" అన్నాడు వెంకటేశు. అడుగుకొక ఢం. ప్రతి ఢంకూ నా వీపు అదిరేది. దుకాణాల్లోంచి జనం బయటికొచ్చారు. ఒక ముసలమ్మ మెట్లు దిగి వచ్చి, "యార మదువె?" అనడిగింది. రాత్రి నారాయణప్ప చెప్పాడు కాబట్టి ఈసారి అర్థమైంది. ఎవరి పెళ్లని అడుగుతోంది.

"ఇవర్దే" అన్నాడు వెంకటేశు, గడ్డంతో నన్ను చూపిస్తూ.

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి, ఈ వయసులోనా అన్నట్టు బుగ్గ నొక్కుకుని, అయినా అక్షింతలు వేసినట్టు చెయ్యెత్తి దీవించింది.

షెడ్డులో మునిరాజు ఒక ట్రంకు పెట్టె వెతికి, రెండో పెట్టె వెతికి, కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత గోడకు తగిలించిన జత లోంచి ఒక ప్యాంటు తీశాడు. ఎర్రటి ఎరుపు. రెండు పక్కలా నడుము నుంచి పాదం దాకా బంగారు రంగు పట్టీ.

"ఇదొగటే ఉండాది. గీత ఉండాది, పరవాలేదా?"

నేను ఆ పట్టీని పైనుంచి కిందిదాకా చూశాను.

"మీకు గీతలు అలవాటే గదప్పా" అన్నాడు వెంకటేశు. లోపల నేను వేసుకున్నది చారల నిక్కరని ఆ సంతలో తెలియనివాళ్లు లేరు.

బ్యాండు బట్టలు ఎవరికైనా పట్టేలా కుడతారు కాబోలు, మునిరాజు బక్కవాడైనా ఆ ప్యాంటు నాకు బాగా వదులుగా ఉంది. నడుముకు జరీతాడు కట్టి బిగించాడు. వ్యాను వచ్చి హారన్ కొడుతోంది. "మీకు పెళ్లుంది కదా, యూనిఫారం తక్కువ పడదా?" అని అడిగాను. "బోలెడుండాయి. మీరు బేగ పోండి, బిడ్డ ఎదురు చూస్తుంటాది" అని నన్ను ఆటోలోకి తోశాడు. జీవితంలో మొదటిసారి వదులు ప్యాంటు ఎంత సుఖమో తెలిసింది. ఆ సుఖం ఎరుపు రంగులో వచ్చింది, అంతే.

వెనక గేటు

బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నా ప్యాంటు చూశాడు, మొహం చూడలేదు.

"బ్యాండ్‌వాలే పీఛే సే."

పీఛే, హిందె, వెనక. ఆ రోజు నా బతుకు అన్ని భాషల్లోనూ అక్కడే ఉంది. మామూలుగా అయితే ఆయన్ని నిలబెట్టి, నేనెవరో, మనిషిని బట్టలు చూసి అంచనా వెయ్యడం ఎందుకు తప్పో చెప్పేవాణ్ణి. నోరు తెరిచాను. ఎవరికీ ఏమీ నేర్పొద్దు. మూశాను. తలొంచుకుని వెనక గేటుకు పోయాను.

అక్కడ కార్యక్రమానికి పిలిపించిన డప్పుల బృందం లోపలికి వెళుతోంది. ఎవరో నా చేతికి కూడా రెండు కర్రలిచ్చి, "ఫాస్ట్, ఫాస్ట్" అంటూ తోశారు. మెట్లు, చీకటి సందు, తెర. చూస్తే నేను వేదిక పక్కనే ఉన్నాను. ముందు గేటు నుంచి వచ్చివుంటే ఆ జనంలో సీటు వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

మైకులో మృదుల పేరు పిలిచారు. అటు పక్క నుంచి మృదులా సుశీలా ఎక్కారు. ఇద్దరూ హాల్లోకి చూస్తున్నారు, నా కోసం. "అండ్ హర్ ఫాదర్?" అంది యాంకరమ్మాయి. హాలంతా వెతుకుతోంది. మృదుల మొహంలో వెతకడం ఆగి, ఇక రాడులే అన్న భావం వస్తోంది. అది నేను చూడలేకపోయాను. చేతిలో డప్పు కర్రలతోనే ఇటు నుంచి వేదిక మీదికి నడిచాను.

సుశీల చూపు నా మొహం మీద ఆగలేదు, సరాసరి ప్యాంటు మీదికి దిగింది.

"వావ్ అంకుల్, కాస్ట్యూమ్ సూపర్!" యాంకరమ్మాయి మైకు నా నోటి దగ్గర పెట్టింది. "వాట్ ఈజ్ ద స్టోరీ?"

కథ నా నాలుక చివరే ఉంది. ఇది మా ప్రాంతపు ప్రాచీన సంప్రదాయమనీ, శుభకార్యాల్లో తండ్రి ఎరుపు ధరిస్తాడనీ చెప్పగలను. సంస్కృత శ్లోకం కూడా ఒకటి అప్పటికప్పుడు అల్లగలను. ఎవరూ కాదనలేరు. మృదుల వైపు చూశాను. తను కొంచెంగా తల అడ్డంగా ఊపింది. నాన్నా, వద్దు.

"హిందె హరిదిదె" అన్నాను.

ముందు వరసలో ఉన్న కన్నడంవాళ్లు నమ్మలేనట్టు చూశారు. తర్వాత ఒకేసారి పేలారు. అర్థం కానివాళ్లు పక్కవాళ్లను అడిగారు, వాళ్లకు చెప్పగానే వాళ్లూ పేలారు. నవ్వు వరస వరసగా వెనక్కి పాకింది. "నా ప్యాంటు చిరిగింది. ఇది కాడుగోడి మునిరాజుగారిది. నాకు కన్నడం తెలియదు" అన్నాను. చివరి మాట నోట్లోంచి వచ్చాక, అంత సులువైనదాన్ని ఇన్నేళ్లూ ఎందుకు మోశానా అనిపించింది.

లోహిత్ కళ్లు తుడుచుకుంటూ వేదికెక్కి మైకు లాక్కున్నాడు. "నో నో సార్. ప్రనన్సియేషన్ కరెక్ట్ లేదు. హ-రి-దిదె. రిపీట్."

"హరిదిదె" అన్నాను.

"నాలుక ఇక్కడ పెట్టాలి సార్" అంటూ తన నోరు చూపించాడు. "అగైన్."

ఆయనకు తృప్తి కలిగేదాకా అన్నాను. బాకీ అది, తీర్చాలి. హాలంతా నాతో కలిసి అంది.

మృదుల మాత్రం బహుమతి పలక మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. భోజనాల దగ్గర స్నేహితులు తనను వదల్లేదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో ముందు సీట్లో కూచుంది, ఏమీ మాట్లాడలేదు. సుశీల మాట్లాడింది. కొత్త ప్యాంటు గురించి దారి పొడుగునా మాట్లాడింది, నేను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

ఇంటికి చేరి టీ తాగుతుండగా, "తప్పైపోయిందమ్మా. నువ్వడిగింది ఒకటే, అదీ చెయ్యలేకపోయాను" అన్నాను.

మృదుల టీ కప్పులోకి చూస్తూ, "ఆఫీసులో ఇక నన్ను ఋ అనరట" అంది.

"మంచిదే కదా. మరి?"

"హరి అంటారట."

తను తలెత్తింది. పెదాలు బిగబట్టుకుని ఉంది, నేను ఆ ప్యాంటు బొత్తం పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు. అదీ అలాగే పట్టు తప్పింది. టీ ఒలికేదాకా నవ్వింది. "సిగ్గుతో చచ్చిపోయాను నాన్నా, నిజంగా. కానీ నీ నోటి నుంచి తెలియదు అన్న మాట విన్నాను. అది ఎవరైనా రికార్డు చేశారేమో కనుక్కోవాలి" అంది.

ఆదివారం

ప్యాంటు ఉతికి, ఇస్త్రీ చేయించి, ఆవకాయ జాడీలో మిగిలింది సీసాలో పోసుకుని కాడుగోడి వెళ్లాం, నేనూ మృదులా. షెడ్డులో వెంకటేశు ఫోన్లో ముందురోజు పెళ్లి వీడియో చూస్తున్నాడు. మాకూ చూపించాడు. బ్యాండంతా ఎర్ర కోటు, ఎర్ర ప్యాంటు. ముందు నిలబడి క్లారినెట్ వాయిస్తున్న మునిరాజు మాత్రం ఎర్ర కోటు కింద తెల్ల పంచె కట్టుకున్నాడు.

"బోలెడుండాయన్నారు కదండీ" అన్నాను.

"ఉండాయి, అందురూ తొడుక్కోనుండారు గదా" అన్నాడు మునిరాజు, తేలిగ్గా. "నన్నెవురు చూస్తారప్పా? ఊదేవాడి నోరే చూస్తారు, కాళ్లు గాదు. ఆ పెండ్లోళ్లు అదే కొత్త ఫ్యాషననుకున్నారు. వచ్చే నెల వాళ్ల తమ్ముడి పెండ్లికి గూడా పంచెలోనే రమ్మన్నారు. మీవల్ల బేరం వచ్చింది." ఆవకాయ సీసా మూత తీసి వాసన చూశాడు. "ఇది మీ లుంగీలోది గాదు గదా?"

ఒక కాఫీ తెప్పించాడు. బైటూ. నేనూ ఆయనా చెరిసగం తాగాం.

తిరిగి సంత వీధిలోంచే వచ్చాం. పూలవాళ్లు నన్ను గుర్తుపట్టి, చేతులు జోడించి, "హరి హరి" అన్నారు. నేనూ జోడించాను. వంకాయల ముసలాయన ముందు నన్ను ఒకసారి తిరగమని వేలితో సైగ చేశాడు. తిరిగాను. చూసి, "సరి ఇదె" అన్నాడు. అప్పుడు ఒక లేత వంకాయ చేతిలోకి తీసుకుని, ఇలాంటి పిందెను మీరేమంటారని అడిగాను. సూత్రం వెయ్యలేదు. అడిగాను, అంతే.

"మిడి" అన్నాడు.

అందులో పకారమూ లేదు, హకారమూ లేదు. నారాయణప్ప ఉంటే ఎంత సంతోషించేవాడో.

అక్కణ్ణుంచి జనం ఎక్కువయ్యారు. కొంత దూరం పోయాక చూస్తే పక్కన మృదుల లేదు. కంగారుగా తిరగబోయాను. నా వీపు మీద చెయ్యి పడింది. తను సరిగ్గా నా వెనకే, నా అడుగులో అడుగేస్తూ వస్తోంది, వెంకటేశు డ్రమ్ముతో వచ్చినట్టు. ఆ రోజు నేను వేసుకున్నది సుశీల అక్కడే కొన్న కొత్త ప్యాంటు, నా అసలు కొలతది. ఎక్కడా చిరగలేదు.

"ఇవాళ బాగానే ఉందిలేమ్మా, పక్కన రా" అన్నాను.

"తెలుసు. హిందె నేనున్నాలే నాన్నా, నడువు" అంది, వెనక నుంచి నోటితో "ఢం" అంటూ.